యానాది కాలనీకి తక్కెడ పట్టుకుని వెళ్లేముందు

ఏటా ఎవరో ఒక పిల్ల ఫోన్ చేస్తుంది. "మేడమ్, పీహెచ్‌డీకి యానాది పిల్లల ఎదుగుదల తీసుకున్నాను. తక్కెడ ఏ కంపెనీది కొనమంటారు?" అని. తక్కెడ సంగతి తర్వాత చూద్దాం, కాలనీకి ఎన్ని తూర్లు పోయొచ్చావు అంటాను. అవతల మాట ఉండదు. యానాదులంటే మన వైపు గిరిజనులు. వాళ్ల పిల్లల్ని కొలవడానికి పోయే పరిశోధకులకు ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను.

నాది శ్రీకాళహస్తి పక్కన. తిరుపతిలో హోంసైన్స్ చదివాను. పద్దెనిమిదేళ్లుగా ఎవరెవరి ప్రాజెక్టుల్లోనో పిల్లల్ని తూస్తూ, కొలుస్తూ, తల్లుల్ని ప్రశ్నలు అడుగుతూ బతుకుతున్నాను. ఏర్పేడు, సత్యవేడు, నాయుడుపేట, పులికాట్ ఒడ్డు, ఎక్కువగా ఈ చుట్టుపక్కలే. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడి, సూళ్లూరుపేట వైపు అందులో కలిశాక మన జిల్లాలో యానాది కాలనీలు ఇంకా పెరిగాయి. 2011 లెక్కల ప్రకారం అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో యానాదులు 5 లక్షలకు పైనే. అయినా గిరిజన పిల్లల ఆరోగ్యం అనగానే అందరి చూపూ అరకు, పాడేరు మీదికే పోతుంది. మన వైపు షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజనుల కోసం ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతం, అసలే లేదు. చెరువు గట్టునో, కాలవ పక్కనో, ఊరికి కాస్త ఎడంగానో ఇరవై ముప్పై ఇళ్లు, అంతే.

మొదటి మూడు తూర్లు చేతులు ఊపుకుంటూ పోండి

తక్కెడ వద్దు, ఫారాలు వద్దు, ఆ మెడలో వేలాడే ఐడీ కార్డు కూడా సంచిలో పెట్టండి. వీళ్లను కొలవడం కొత్త కాదు. నూరేళ్ల కిందటే మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ థర్‌స్టన్ దొర దక్షిణాది కులాల వాళ్ల తలలు, ముక్కులు కొలిచి రాసుకుపోయాడు. అప్పటి నుంచి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. స్వర్ణముఖి ఒడ్డున ఒక కాలనీలో ఒక అవ్వ నన్ను అడిగిన మాట చెబుతాను. "ఇన్నేండ్లుగా రాసుకుంటా ఉండారు గదా, ఆ కాగితాలన్నీ యాడ పెడతారు మే?" ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆఫీసు బీరువాలో అని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ మొదటి మూడు తూర్లలో మీరు అడగాల్సింది ఒకటే: మీ బిడ్డల గురించి మీకు ఏం తెలుసుకోవాలని ఉంది? తల్లులు అడిగే ప్రశ్నలు మన సినాప్సిస్‌లో, అంటే పరిశోధన ప్రతిపాదనలో, ఉండవు. పెద్దోడి కంటే చిన్నోడు ఎందుకు పొట్టిగా ఉన్నాడు? బాతులు మేపడానికి పోయి వచ్చిన ప్రతిసారీ బిడ్డకు విరేచనాలు ఎందుకు? ఆ రెండో ప్రశ్నను మేం ఫారంలో చేర్చాం. కడకు ఆ అధ్యయనంలో పనికొచ్చిన సంగతి అదొక్కటే అని నా అభిప్రాయం, మా గైడు ఒప్పుకోకపోయినా సరే.

ఇలా చేయవచ్చని చెప్పడానికి దూరాన ఒక ఉదాహరణ ఉంది. ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లల మీద 2008 నుంచి ఏటా సాగుతున్న పెద్ద అధ్యయనం ఒకటుంది, దాని పేరు 'ఫుట్‌ప్రింట్స్ ఇన్ టైమ్'. దాని మార్గదర్శక సంఘానికి మిక్ డాడ్సన్ అనే ఆదివాసీ న్యాయనిపుణుడు అధ్యక్షత వహించారు. ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడిగే ఉద్యోగులు కూడా ఆ జనాల నుంచే వచ్చారు. మనకు అంత డబ్బు లేదు, సరే. కానీ ఇంటర్ చదివి ఇంట్లో కూర్చున్న యానాది పిల్ల ప్రతి రెండు మూడు కాలనీలకు ఒకతె దొరుకుతుంది. ఆమెను సహాయకురాలిగా పెట్టుకోండి. ఊరికే తోడు తిప్పుకోవద్దు, జీతం ఇవ్వండి, కొలవడం నేర్పండి, వ్యాసంలో పేరు వేయండి.

ఏళ్ల తరబడి ఒకే పిల్లల వెంట తిరగడం మనకూ చేతకాని పని కాదు. 2002లో మొదలైన 'యంగ్ లైవ్స్' అధ్యయనం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లలను తీసుకుని, వాళ్లు పెద్దయ్యేదాకా మళ్లీ మళ్లీ వెళ్లి కలిసింది. దాని ఫీల్డు పని చేసినవాళ్లలో మన తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వాళ్లున్నారు. అడిగితే అనుభవం చెప్పేవాళ్లు ఊళ్లోనే దొరుకుతారు.

వేలిముద్ర అంటే సరేనన్నట్టు కాదు

ఊరి పెద్ద ఒకాయన తప్పకుండా ఎదురొస్తాడు. "మా యానాదోళ్లు నా మాట జవదాటరు, ఎంతమంది కావాలో చెప్పండి మేడమ్, పిలిపిస్తా" అంటాడు. కాఫీ తాగి దండం పెట్టి వచ్చేయండి. ఆయన పిలిపిస్తే వచ్చినవాళ్లు ఒప్పుకుని రాలేదు, జడిసి వచ్చారు. చేపల గుంటల యజమాని, బాతుల యజమాని, కట్టె కొట్టించే మేస్త్రీ, వీళ్లెవరూ పక్కన ఉండగా ఒక్క ప్రశ్న కూడా అడగొద్దు. అప్పు ఎంతుంది, బడికి ఎందుకు పంపలేదు లాంటివి అసలే వద్దు. ఆ జవాబుకు మర్నాడు వాళ్లు ఏం చెల్లించుకుంటారో మీకు తెలియదు.

ఎవరో ఒకరి చేత సంతకం పెట్టిస్తే చాలదని మన తెలుగు నేల మీదే ఒక పాఠం ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేశారు. అందులో చాలామంది హాస్టళ్లలో ఉన్న గిరిజన పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టిన ఫారాలు తర్వాత విచారణలో బయటపడ్డాయి. 2010లో ఆ పని ఆపేశారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే సంగతి, అడిగిన తీరే అక్కడ తప్పు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఏం చెబుతాయంటే: తల్లిదండ్రుల అంగీకారంతో పాటు 7 నుంచి 12 ఏళ్ల బిడ్డను నోటితో అడగాలి, 12 దాటితే రాతపూర్వకంగా. చదువురాని తల్లి వేలిముద్ర వేస్తే, మీ జట్టుతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. ఆ సాక్షిని ఊళ్లో నుంచి తేకండి, కాలనీలోనే చదువుకున్నవాళ్లను చూసుకోండి. ఫారం చదివి వినిపించాక "అర్థమైందా" అని అడిగితే అందరూ తలూపుతారు. "నేను రేపు పొద్దున ఏం చేస్తానని చెప్పినాను, మళ్లీ చెప్పక్కా" అని అడగండి. అప్పుడు తెలుస్తుంది, ఎంత అర్థమైందో. ఒక ఆమె "బిడ్డకు ఆధార్ ఇప్పిస్తామన్నారు" అంది. మేం ఆ మాటే అనలేదు. పుట్టిన తేదీ కాగితం, ఆధార్ లేక అంగన్‌వాడీ నుంచి బడిదాకా ప్రతిచోటా వెనక్కి వచ్చిన మనిషికి, కాగితం పట్టుకున్న ప్రతివాళ్లూ ఆధార్ వాళ్లలాగే కనబడతారు మరి.

రక్తం తీసే పని ఉంటే ఇంకో మాట. అమెరికా అరిజోనాలో హావసుపాయ్ అనే తెగ 1990లో చక్కెర జబ్బు పరిశోధనకని రక్తం ఇచ్చింది. దాన్నే తర్వాత మానసిక వ్యాధుల మీద, వాళ్ల పూర్వీకుల వలసల మీద పరిశోధనలకు వాడుకున్నారు. కోర్టుకెక్కి, 2010లో రాజీ కుదిరాక తమ నమూనాలు వెనక్కి తీసుకుపోయారు. అవ్వలు మనల్ని "ఆ నెత్తురేం చేసుకుంటారు" అని అడిగేది తెలియక కాదు. ఒక్క చుక్క, ఈ పరికరంలో పెడతాను, అంకె నీ కళ్లముందే కనిపిస్తుంది, ఆ తర్వాత ఈ డబ్బాలో పారేస్తాను అని చెప్పి, అలాగే చేయండి. హిమోగ్లోబిన్ మీ ప్రశ్నకు అవసరం లేకపోతే సూది తీయనే తీయొద్దు.

బిడ్డకు ఎన్ని నెలలు?

పనంతా చెడేది ఇక్కడే. అంగన్‌వాడీ టీచర్ రాసిన తల్లీబిడ్డ కార్డు ఉంటే అదృష్టం. గుడిసె కురిసి తడిసిపోయి ఉంటుంది, లేదా అంతా జనవరి 1న పుట్టినట్టు రాసి ఉంటుంది. కొన్ని నెలలు అటూ ఇటూ అయితే ఏమవుతుందంటారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 ప్రమాణాల్లో మగబిడ్డకు 12 నెలలకు కనీస హద్దు, అంటే సగటుకు రెండు మెట్లు (స్టాండర్డ్ డీవియేషన్లు) కింద, 71 సెంటీమీటర్లు. 15 నెలలకు అది 74.1. మీ ముందున్న బిడ్డ 73 ఉన్నాడనుకోండి. ఏడాది బిడ్డయితే పర్వాలేదు, ఏడాది మూడు నెలలైతే గిడసబారిన బిడ్డ. వాడి పొడుగేమీ మారలేదు, మనం రాసిన నెలలే మారాయి.

అందుకే జ్ఞాపకాల క్యాలెండర్ తయారు చేసుకోవాలి. ప్రభుత్వ తేదీలు పనికిరావు, ఆ కాలనీ మరిచిపోలేనివే పనికొస్తాయి. నా నోటుబుక్కులో ఉన్నవి: 2019 ఏప్రిల్ ఓట్లు, అదే ఏడాది జూలైలో చంద్రయాన్-2, 2020 మార్చి లాక్‌డౌన్, నవంబర్‌లో నివర్ తుపాను, 2021 నవంబర్‌లో స్వర్ణముఖి పొంగిన వరద, 2023 జూలై 14 మధ్యాహ్నం చంద్రయాన్-3, డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను, 2024 మే ఓట్లు. వీటి మధ్య గంగ జాతర, శివరాత్రి, వరికోతలు పెట్టుకోండి. శ్రీహరికోట షార్ నుంచి రాకెట్లు చాలా పోతాయి కాబట్టి ఊరికే రాకెట్టు అంటే కుదరదు, బళ్లో టీవీ పెట్టి చూపించిన రాకెట్టు అనాలి. ప్రశ్న ఇలా: "ఆ రోజుకి బిడ్డ కడుపులో ఉండాడా, చంకలో ఉండాడా?" చంకలో అంటే, "కూర్చుంటా ఉండాడా, పాకతా ఉండాడా?" తల్లి, అవ్వ, పక్కింటామె ముగ్గురూ కలిసి కాసేపు పోట్లాడుకుంటారు. పోట్లాడుకోనివ్వండి. నెలకు అటూ ఇటుగా తేలుతుంది. తేలకపోతే వయసు ఖాళీగా వదిలేసి, ఎత్తుకు తగ్గ బరువు, జబ్బ చుట్టుకొలతలతో సరిపెట్టుకోండి. ఊహించి మాత్రం రాయొద్దు.

ఇక తక్కెడ

మట్టినేల మీద డిజిటల్ తక్కెడ అబద్ధం చెబుతుంది. ఇది నా తప్పు, నేనే ఒప్పుకుంటాను. మొదటి ఏడాది ముప్పై ఇళ్ల లెక్క పారేశాం. అలికిన నేల చూడ్డానికి నున్నగా ఉన్నా వాలుగా ఉంది, ఒకే బిడ్డ రెండు చోట్ల రెండు బరువులు తూగాడు. ఇప్పుడు అడుగున్నర ప్లైవుడ్ చెక్క, మేస్త్రీలు వాడే రసమట్టం లేకుండా నేను కదలను. పొద్దున్నే ఐదు కిలోల తూకపు రాయి పెట్టి చూసుకోవాలి, సాయంత్రం మళ్లీ చూడాలి. చంటిబిడ్డయితే తల్లిని ఎక్కించి, సున్నా చేసి, బిడ్డను అందించండి. మొలతాడు, తాయెత్తు తీయమనొద్దు. ఉన్నాయని ఫారంలో ఒక గుర్తు పెట్టుకుంటే చాలు.

రెండేళ్లు నిండని బిడ్డను పడుకోబెట్టి కొలవాలి, నిండితే నిలబెట్టి. ఈ రెండిటికీ 0.7 సెంటీమీటర్ల తేడా ఉంటుంది. ఏడ్చాడని పద్ధతి మారిస్తే ఆ సంగతి రాయాలి. ఇక పడుకోబెట్టే చెక్క. పులికాట్ వైపు ఒక కాలనీలో నేను చెక్క పరిచి బిడ్డను పడుకోబెట్టి తల దగ్గర ఒకరు, కాళ్ల దగ్గర ఒకరు కూర్చోగానే, ఆ బిడ్డ అవ్వ గబుక్కున వచ్చి ఎత్తుకుపోయింది. "బతికున్న బిడ్డను చెక్క మీద పడుకోబెట్టి తలా కాళ్లూ పట్టుకుంటారా?" అంది. ఆ కొలత ఎవరికి తీస్తారో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు, కానీ చదువుకున్న తలకాయకు తట్టలేదు. ఆ రోజు పని ఆపేశాం. మర్నాడు ఆమెనే అడిగితే తనే దారి చూపింది. పాత చీర ముక్క పలచగా పరిచి, ముందు తనే బిడ్డను ఒళ్లో నుంచి దించుతుంది, తల తనే పట్టుకుంటుంది. మేం ఆమెకు తల ఎలా పట్టాలో నేర్పాం. అప్పటి నుంచి ఏ కాలనీలోనైనా తల వైపు అవ్వే.

నిలబెట్టేటప్పుడు మడమలు, పిరుదులు, భుజాలు, తల వెనక భాగం చెక్కకు ఆనాలి, చెవి రంధ్రం, కంటి కింది ఎముక ఒకే గీతలో ఉండాలి. పిలక ఉంటే విప్పాలి. మీ కన్ను అంకెకు ఎదురుగా ఉండాలి, అంటే మూడేళ్ల బిడ్డకు మీరు మోకాళ్ల మీద కూర్చోవాలి. ఇద్దరు విడివిడిగా కొలిచి విడివిడిగా రాయండి. బరువులో 100 గ్రాములు, ఎత్తులో 7 మిల్లీమీటర్లు, జబ్బ చుట్టుకొలతలో 5 మిల్లీమీటర్లు దాటి తేడా వస్తే మళ్లీ కొలవాలి. వారానికోసారి అంకెలు తిరగేసి చూడండి. చివర సున్నా, ఐదు మరీ ఎక్కువగా కనబడితే మీ కుర్రాళ్లు కొలవడం మానేసి అంచనా వేస్తున్నారని అర్థం.

వేళ కూడా ముఖ్యం. తెల్లారి ఐదుకే పెద్దవాళ్లు గుంటలకో, చేలకో పోతారు. మనం పది గంటలకు కారు దిగితే ఇంట్లో ఉండేది ముసలివాళ్లే. సాయంత్రం ఐదున్నర నుంచి దీపాలు పెట్టేదాకా నాకు బాగా పని జరిగే వేళ.

తిండి గురించి అడిగేటప్పుడు

"ఎలుకలు తింటారా" అని ఎవరూ అడగొద్దు. ఆ మాటతో వాళ్లను ఊళ్లో తరతరాలుగా ఎగతాళి చేశారు, కాబట్టి లేదనే చెబుతారు. "నిన్న చేలో నుంచి, చెరువులో నుంచి ఏం తెచ్చుకున్నారక్కా?" అనండి. అప్పుడు వస్తాయి, ఎండ్రకాయలు, నత్తలు, చిన్న చేపలు, పందికొక్కు, ఏదో గడ్డ. ఇవి రాయకపోతే మీ లెక్కలో ఆ బిడ్డ తిన్న మాంసకృత్తులు సగం ఎగిరిపోతాయి. అదే విధంగా "అంగన్‌వాడీ గుడ్డు ఇస్తారా" అంటే ఇస్తారంటారు. ఇంటికి వచ్చిన ఆ గుడ్డు ఎంతమంది పంచుకున్నారో అడగండి. ఐదు రూపాయల పొట్లాల గురించి, టీలో అద్దిన బన్ను గురించి సిగ్గుపడకుండా అడగండి, చెబుతారు. వాళ్ల గ్లాసు, వాళ్ల గిన్నెతోనే నీళ్లు పోసి కొలుచుకోండి. మన దగ్గరి కప్పులు, స్పూన్ల బొమ్మలు ఆ ఇళ్లలో లేవు.

మాట్లాడని బిడ్డ, తెలియని బిడ్డ కాదు

ఎదుగుదల పరీక్షల సంగతికొస్తే నాకు కోపం వస్తుంది. మెట్లెక్కుతాడా? ఒక్క గదికి మెట్లేవి? యాపిల్ బొమ్మ చూపిస్తే పేరు చెబుతాడా? మూడున్నరేళ్ల పాప ఒకతె మా బొమ్మల్లో సగానికి నోరు విప్పలేదు. సున్నాలు వేసుకుంటూ పోయాం. పరీక్ష అయ్యాక వాళ్ల నాయన వల దులిపితే, ఆ పాప కూర్చుని జెల్లలు ఒక పక్క, రొయ్యలు ఒక పక్క, గుచ్చుకునే ముల్లున్నవి తాకకుండా ఇంకో పక్క తీసి పెట్టింది. రకాలు వేరుచేయడం అన్న మా అంశంలో ఆమెకు మేం వేసింది సున్నా.

కాబట్టి పరీక్ష ఏదైనా సరే, ముందు పది పదిహేను మంది పిల్లల మీద పెట్టి చూసి, తల్లులతో కూర్చుని వస్తువులు మార్చండి. అంశం మారకూడదు, వస్తువు మారవచ్చు. మార్చిన ప్రతిదీ రాసిపెట్టండి. పరీక్ష పెట్టేది మీరు కాదు, ఆ కాలనీ పిల్లే. మొదటి రోజు మాట్లాడకపోతే 'చేయలేదు' అని రాయండి, 'చేతకాదు' అని కాదు. రెండో తూరి పోండి.

తేలినప్పుడు ఏం చేస్తారు?

ఇది మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు బిడ్డకు ఎడమ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే, లేదా రెండు పాదాల మీదా బొటనవేలితో నొక్కినప్పుడు సొట్ట పడితే, ఆ రోజే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంకు ఫోన్, పోషకాహార పునరావాస కేంద్రానికి పంపే ఏర్పాటు. రెండు వారాలు ఆసుపత్రిలో ఉండాలంటే మిగతా పిల్లల్ని ఎవరు చూస్తారు, కూలి ఎలా అన్నది తల్లి అడుగుతుంది. దానికి మీ దగ్గర బడ్జెట్‌లో ఏదో ఒక వరస ఉండాలి. లేదంటే ఆమె పోదు, పోలేదని మనం 'అవగాహన లేదు' అని రాస్తాం. పిల్లల మీద లైంగిక హింస సంగతి తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం చెప్పక తప్పదు, ఆ సంగతి అంగీకార పత్రంలో ముందే ఉండాలి. వెట్టి కనబడితే 1976 చట్టం కింద చూడాల్సింది జిల్లా కలెక్టర్. కానీ ఆ కుటుంబంతో మాట్లాడకుండా, వాళ్లు ఎక్కడికి పోతారో చూసుకోకుండా ఆవేశంగా ఫిర్యాదు పడేయొద్దు. యానాదుల కోసమే నెల్లూరులో ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంది, ఆ నంబర్లు జేబులో పెట్టుకుని తిరగండి.

రాసేటప్పుడు కాలనీ పేరు వేయొద్దు. ముప్పై ఇళ్లలో 'ఇద్దరు పిల్లలు, తండ్రి తాగుతాడు' అంటే ఎవరో అందరికీ తెలుసు. మంచి యానాది, చల్ల యానాది లాంటి వాళ్లలోని తెగల పేర్లు మీ ప్రశ్నకు అవసరమైతేనే, వాళ్లు తమంతట చెబితేనే రాసుకోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం గిడసబారినవాళ్లు. ఆ అంకె పక్కన మీ కాలనీ అంకె పెట్టేటప్పుడు, సొంత పొలం లేని, వరదకు ఇల్లు కొట్టుకుపోయిన కుటుంబాలివి అన్న వాక్యం కూడా అక్కడే ఉండాలి, చివరి పేజీలో కాదు.

తిరిగి పోవడానికి డబ్బు పక్కన పెట్టండి

మొత్తం బడ్జెట్‌లో పదో వంతు తిరుగు ప్రయాణానికి అని నేను మొదటే రాస్తాను. కమిటీలో ఎవరో ఒకరు కొట్టేస్తారు, మళ్లీ రాస్తాను. ఫలితాలు చెప్పడానికి రంగురంగుల గ్రాఫులు పట్టుకుపోతే అవి గుడిసె చూరులో దోపుకుంటారు, అంతే. మేం ప్రతి ఇంట్లో గుంజ మీద బిడ్డ ఎత్తుకు గీత పెట్టాం. తల్లే కొడవలి మొనతో గీసింది. పక్కన ఇంకో గీత, ఆ వయసుకు ఉండాల్సిన చోట. రెండిటి మధ్య ఎంత ఉందో చెప్పడానికి నా అవసరమే పడలేదు. ఇది నీ పెంపకం తప్పు కాదక్కా అన్న మాట మాత్రం గట్టిగా, అత్తమామలకు వినబడేలా చెప్పాలి.

కొన్ని ఇళ్లు ఉండవు. బాతులతో తమిళనాడు వైపు పోయి ఉంటారు. ఎప్పుడొస్తారో పక్కింట్లో అడిగి, అప్పుడు మళ్లీ పోవాలి. కాగితాలు యాడ పెడతారని అడిగిన అవ్వ దగ్గరికి నేను వాళ్ల కాలనీ లెక్కంతా ఒక పుస్తకంగా కుట్టించి తీసుకుపోయాను. ఆమెకు చదువు రాదు. మనవరాలి చేత రెండు పేజీలు చదివించుకుని, ట్రంకు పెట్టెలో చీరల కింద పెట్టింది.

ఆ రోజు కూడా తక్కెడ, చెక్క, రసమట్టం వెంట ఉండాలి. మాటలు అయిపోయి మీరు లేచేసరికి ఎవరో ఒకామె మొన్న పుట్టిన బిడ్డను ఎత్తుకుని వస్తుంది, "దీన్ని గూడా ఒక తూరి తూయండి మేడమ్" అంటుంది. ఆ బిడ్డ మీ శాంపిల్లో ఉండదు. తూయండి.